మింగేదాకా

కీత్లీ లైబ్రరీ మేడమీది గదిలో
పదకొండు మందిమి
చిన్నపిల్లల కుర్చీల్లో ఇరుక్కుని
మోకాళ్లు గడ్డాలకు ఆనించుకుని కూర్చున్నాం.
పెద్ద కుర్చీలు ఇవ్వనంది మ్యూరియల్ ఓల్డ్‌రాయిడ్.
"రోజంతా మీరు ఎవరి ఎత్తులో ఉండాలో
ముందు మీ నడుములకు తెలియనివ్వండి."

బయట వాన.
ఇక్కడి వాన కురవదు,
గోడకు జారబడి నిలబడుతుంది.

ముప్ఫై ఏడేళ్లు ఈ మెట్లెక్కిన మనిషి.
మెడలో దారానికి వేలాడే కళ్లజోడు,
సంచిలో ఉన్నితో అల్లిన ముళ్లపంది,
నాలుగు బొమ్మల పుస్తకాలు.
ఒకదాని మూల ఏ పసివాడో కొరికేశాడు.
అదే ముందు పైకెత్తి చూపించింది.
"పారేసి కొత్తది కొందామన్నారు. ఒప్పుకోలేదు.
ఇంతకంటే బాగా చదివినవాళ్లను నేను చూడలేదు."

తర్వాత ఒక్కొక్కరం చదవాలి,
ఎదురుగా ఖాళీ చాప.
బస్సు నడపడం మానేసి నర్సరీలో చేరిన క్లిఫర్డ్
చెవుల దాకా ఎర్రబడ్డాడు గానీ
కప్ప వచ్చేసరికి గది దద్దరిల్లేలా బెకబెకమన్నాడు.
హేజల్ పుస్తకాన్ని తనవైపే తిప్పుకుని చదివింది,
మాకు వెనకట్ట మీది ధర ఒక్కటే కనిపించింది.

నా వంతు.
ఇల్లు వీపునే ఉన్నా
గొడుగు పోయిందని ఏడ్చే నత్త కథ.
తెనాలి బడిలో పదమూడో ఎక్కం అప్పజెప్పినట్టు
ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేశాను.
ఒకటిన్నర నిమిషంలో గొడుగు దొరికింది.

మ్యూరియల్ నవ్వలేదు.
"అంత తొందరగా దొరికేస్తే
పోయినట్టు ఎవరికి తెలుస్తుంది?" అంది.

టీ చల్లారుతుంటే
పొద్దుటినుంచీ ఆమె అంటున్న "షేర్" అనే మాటను
నోట్లోనే తెలుగు చేసుకుంటున్నాను.
పంచడం అనుకున్నాను మొదట:
పేరంటంలో శనగలు పంచినట్టు
కొంగుల్లో పోసేసి, చేతులు దులిపేసుకుని.
కాదు, పంచుకోవడం.
మధ్యలో ఆ "కో" ఉంది చూడండి,
అందులో నాకూ ఒక గుప్పెడు మిగలాలి.
ఇన్నాళ్లూ బడిలో నేను
ఖాళీ చేతులతోనే లేచేదాన్ని.

మధ్యాహ్నం చెప్పింది, ప్రతి పేజీ దగ్గరా ఆగాలట.
"ఎంతసేపు?" క్లిఫర్డ్ పెన్ను తీశాడు,
బస్టాపులో ఎన్ని నిమిషాలో రాసుకునేవాడిలా.
మ్యూరియల్‌కు మాట దొరకలేదు,
గాలిలో చెయ్యి తిప్పి ఊరుకుంది.
నాకు దొరికింది. వాళ్లకు చెప్పడమే చేతకాలేదు.
గోరుముద్ద మింగేదాకా.
బుగ్గన మొదటిది ఉండగానే రెండోది కుక్కితే
ఏ బిడ్డయినా ఉమ్మేస్తుంది.

మంగళవారం.
నర్సరీ కిటికీ పక్కన అదే నత్త, నేను, హమ్దాన్.
సెప్టెంబరులో చేరాడు,
కోటు గుండీలు విప్పనివ్వడు,
ఇంతవరకు నాతో ఒక్క మాట లేదు.
నాలుగో పేజీలో ఉన్నాం,
వాడు వెనక్కి తిప్పాడు.
నేను ముందుకు తిప్పాను.
మళ్లీ వెనక్కి.
అటు కాదు నాన్నా, అని నాలుక చివరి దాకా వచ్చింది.
గదిలో రేడియేటర్ టిక్కుమంటోంది.
ఎవరో మూల జిగురు డబ్బా ఒలకబోశారు.
ఆగాను.
చెయ్యి ఒళ్లో పెట్టుకుని
దాన్ని ఇంకో చేత్తో పట్టుకుని మరీ ఆగాను.

వాడి వేలు బొమ్మంతా పాకి
కింద కుడిమూలకు పోయి నిలిచింది.
ఆకు చివర ఒక చీమ.
తడిసిన చీమ.
తొమ్మిదిసార్లు చదివాను ఈ పుస్తకం,
నేను చూడలేదు. కథలో దాని ఊసే లేదు.

"దీనికీ లేదు,"
అన్నాడు హమ్దాన్.

ఇద్దరం చీమ దగ్గరే ఉండిపోయాం,
బొమ్మమీద అరచెయ్యి గుడిసెలా పట్టాడు,
సందు ఉన్నచోట నా చెయ్యి అడిగాడు.

శుక్రవారం మ్యూరియల్‌కు పంపాల్సిన కాగితంలో
ఎన్ని పేజీలు చదివారు అని ఒక గడి ఉంది.
ఒకటి, అని రాశాను.
గొడుగు ఇంకా దొరకలేదు.