మూడో పిలుపు

ముప్పయ్యొక్క ఏండ్లు దేవరకొండ కోర్టు వరండల
పేర్లు పిలిచిన నోరు ఇది.
ఒక్కో పేరు మూడుసార్లు.
మొదటిది లోపల సార్‌కు వినవడాలె,
రెండోది చాయ్ హోటలుకు,
మూడోది ఎవలకో నాకు తెల్వది,
బస్సు దొరకక కొండమల్లేపల్లి కాడ నిలవడ్డోనికేమో.

నేనావత్ పాంద్యా అనే పేరును
"పాండయ్యా" అని పిలిచిన.
ఆయన పలుకలె.
ఆయన పేరే కాకపాయె, ఎట్ల పలుకుతడు?
నా చెప్పుల పక్కనే కూసోని ఉన్నడు.
పక్కకు తొమ్మిదేండ్ల పిల్ల,
ఒళ్లె సీతాఫలాల గంప.
పిల్లనే లేచింది: "అది మా బాపు పేరేనా?"

నాలుగెకరాల కాయితం మీద
ఏలుముద్ర ఎవలిదని అడిగిన్రు.
ఆయన చానా చెప్పిండు. చేతులతోని సుత చెప్పిండు,
అప్పెంత, మిత్తెంత, ఏ రాత్రి, ఎవల లాంతరు.
అంతా తండా మాటలనే.
రైటరు కలం మూతతోని చెవి గోక్కొని
ఒక్క ముక్క రాసిండు: "జవాబు లేదు."
నేను నవ్విన.
ఆ నవ్వు గురించే ఈ రాత.

దీపావళి పోంగనే పాంద్యా, ఆయన భార్య దేవ్లి
భివండి లారీ ఎక్కిన్రు.
పిల్ల హాస్టల్ల.
సాల్కి అంటే నోరు తిరగదని
బళ్లె సార్ శాలిని అని రాసుకున్నడు.

సీతాఫలాల దినాలల్ల, శనివారం ఒంటిపూట కాంగనే
గంపతోని కోర్టు మెట్ల మీద ఉండేది.
వకీలు సాబులకు పండ్లు చుట్టిచ్చేది
మా చెత్తబుట్టల కాయితాలల్లనే,
పాత పేషీ లిస్టులు, కొట్టేసిన పిటిషన్లు.
చుట్టే ముందు చదివేది.
"జల్దియ్యే పిల్లా!" అని కసిరేటోళ్లు.
చదివినంకనే ఇచ్చేది.
ఒకసారి నన్నడిగింది:
"కాకా, ప్రతివాది అంటే వాదించేటోడా, వాదం మీద పడ్డోడా?"
పదమూడేండ్ల నౌకరిల నాకా అనుమానం రాలె.

నడుమ ఏమైందో సగమే ఎరుక.
నల్లగొండల డిగ్రీ, పట్నంల లా కాలేజి,
దిల్‌సుఖ్‌నగర్ల బట్టల దుకాణంల
రాత్రి తొమ్మిది దాక చీరల మడతలు.
ఒక ఏడు ఫెయిలైందట. ఆమెనే చెప్పింది, నవ్వుకుంట,
ఏ పరీక్షనో సుత చెప్పింది: భూమి చట్టాలు.

ఒకనాడు నల్లకోటు మెట్లెక్కింది.
ఎవలో తెల్వకనే సలాం కొట్టిన.
"సైదులు కాకా, సీతాఫలాలు అయిపోయినయ్" అన్నది.

ఎండకాలం. కోటిప్పి కుర్చీకి తగిలేసింది.
ఫ్యాను గాలికి లోపలి బట్ట తిరగబడ్డది:
సంక కింద, ఎవలకు కనవడని తావుల
ఎర్రదారం, చిల్లిగవ్వంత అద్దం బిళ్ల.
వాళ్ల యాడి కుట్టిందట,
సిమెంటుకు పగిలిన వేళ్లతోని.
కానూన్ల దానికి మనాయి ఉన్నదా అని నేనడుగలె.

మొన్న బుధవారం
"ముడావత్ కేళీ" అని పిలిచిన.
సరిగనే పిలిచిన, ముందుగాల సాల్కిని అడిగి
రెండుసార్లు నేర్చుకున్న.
ముసలామె బోనెక్కింది, గవాయి.
తెలుగు రెండు ముక్కలు, మిగతాదంత తండా మాట.
రైటరు కొత్తోడు,
కలం మూత చెవి దాక లేపిండు.
సాల్కి లేచింది:
"అట్ల రాయొద్దు సార్. జవాబున్నది.
దుబాసిని పిలిపియ్యిన్రి, ఆగుదం."
సార్ గడియారం దిక్కు చూసిండు.
ఆగినం.
గంటన్నర, ఫ్యాను కిర్రుమనుకుంట.
చందంపేట నుంచి అంగన్‌వాడి టీచరమ్మ దిగినంక
ముసలామె మాట నాలుగు పేజీలైంది.

గెలిచిందా అని అడుగుతరు.
వాయిదా పడ్డది, పదహారుకు.

మార్చిల నేను దిగిపోత.
నిన్న కోర్టు లేసినంక, వరండ ఖాళీగున్నప్పుడు
నిలవడి పిలిచిన, మెల్లగ:
నేనావత్ పాంద్యా.
నేనావత్ పాంద్యా.
మూడోది దాసిపెట్టిన.
భివండి నుంచి ఆయన దిగే దినం
చెప్తనన్నది సాల్కి.