బడి సెలవు

బయట మైనస్ యాభై రెండు. బడి మూశారు.
ఎర్చిమెన్ ఇంట్లో కూర్చుని
కంప్యూటర్ మంచులో వణుకుతున్నాడు.

ఏరిన పుల్లలు పదకొండు. చెకుముకి రాయి ఒకటి.
ఉచ్చులో పడగానే కుందేలు మాంసమైపోయింది,
తోలు వలిచే పని లేదు, వేడి నెత్తురు వాసన లేదు.
"బాగా మర్యాద తెలిసిన కుందేలు"
అన్నాడు తాత బైబాల్,
మూడు వేళ్లు లేని చేత్తో టీ గ్లాసు పట్టుకుని.
ఆ వేళ్ల సంగతి అడిగితే
ఏరు చెబుతాడు, ఏడు చెప్పడు.

తెరమీద రాత్రి దిగింది. తోడేళ్లు.
ఒంటివేడి గీత ఎర్రబడి చిక్కిపోతుండగా
ఎవరిదో గుడిసె దొరికింది.
లోపల ఎండుకట్టెలు. పొయ్యి వెలిగింది.

తెల్లారగానే అన్నీ మూటగట్టాడు,
ఉప్పు, అగ్గిపెట్టె, ఆఖరి పేడుతో సహా.

"సగం వదిలిపెట్టు."
"ఎవరికి? ఈ ఆటలో ఉన్నది నేనొక్కణ్ణే తాతా."
"మరి ఆ కట్టెలు కొట్టిందెవరు?"

వాడు తెరకేసి చాలాసేపు చూశాడు.
గొణుక్కుంటూనే సంచి విప్పి
మూడు పుల్లలు పొయ్యి పక్కన పెట్టాడు,
పైన అగ్గిపెట్టె.

"సగం తెరిచి పెట్టు."
"ఆటలో అలా కుదరదు."

"గడ్డకట్టిన వేళ్లకి పెట్టె తెరుచుకోదురా"
అంటూనే ఉన్నాడు తాత,
టీ చల్లారిపోయేదాకా.