నీ పేరు రాయి

కాశీబుగ్గ బస్టాండు ఎదురుగా
మా మందుల షాపు షట్టరు సగమే లేచింది.
అప్పటికే మెట్టు మీద దాలమ్మ.
జీడిపిక్కల చమురుకి నల్లబడ్డ వేళ్లతో
పాత రేకొకటి ముందుకు తోసింది.
పది గూళ్లూ ఖాళీ.

"ఇవే ఇయ్యి బావూ. ఆరు సాలు."

కత్తెరతో కోసి ఇచ్చాను.
పోయిన నెల పసుపు పచ్చవి, ఈసారి తెల్లవి.
"కంపెనీ మారిందమ్మా, మందు అదే."
రోజుకి నలభైసార్లు చెప్పే మాట.
అరిగి అరిగి నా నోటికే రుచి తెలియని మాట.

దాలమ్మ డబ్బులు తియ్యలేదు.
ఒక మాత్ర చిదిపి అరచేతిలో వేసుకుంది.
బరువు చూసింది.
వాసన చూసింది.
గోటితో అంచు గీరింది.

"పప్పు పుచ్చినాదో లేదో
సీకట్లోనైనా నా సెయ్యి సెప్పేస్తాది.
ఇదేటి బావూ, ఏటీ సెప్పదు?"

నవ్వబోయి, బిల్లు చూపించాను.
బ్యాచి నంబరు చూపించాను.
గోడ మీద అద్దాల వెనక లైసెన్సు చూపించాను.
అది ఆ గోడని చూడనే లేదు.

"మా ఇంటాయనకీ ఇలాగే రంగు మారినాది.
మందు అదే అన్నారు.
మందు పన్జెయ్యలేదో, కిడ్నీ రోగమే గట్టిదో,
ఎవుడికెరుక."

నేను మా ఓనర్ని నమ్ముతాను.
ఓనరు శ్రీకాకుళం ఏజెంటుని.
ఏజెంటు, ఎక్కడిదో ఒక అట్టపెట్టెకి అంటించిన కాగితాన్ని.
ఆ కాగితం ఎవరిని నమ్ముతుందో
నేను చదివిన ఫార్మసీ పుస్తకాల్లో లేదు.

కవరు నా ముందుకి జరిపింది.
"రాయి."
పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. రాశాను.
"అది కాదు. నీ పేరు రాయి."

వేల కవర్ల మీద సున్నాలూ గీతలూ గీసిన పెన్ను
మొదటి అక్షరం దగ్గర ఆగిపోయింది.
తవిటయ్య.
చదువు రాని కళ్లు
ఆ నాలుగు అక్షరాల మీద కాసేపు నిలబడ్డాయి.
తర్వాత చిల్లర లెక్కపెట్టి ఇచ్చి
కవరు రొంటిన దోపుకుని వెళ్లిపోయింది.

రాత్రి షట్టరు దించబోతూ
సొరుగులో మిగిలిన ముక్క బయటికి తీశాను.
నాలుగు మాత్రలు.
కత్తెర పడ్డ చోట తెగిపోయిన తారీకు,
నెల ఉంది, సంవత్సరం లేదు.
ఆ సంవత్సరం దాలమ్మ రొంటిలో
నా పేరుతో కలిసి
మందస బస్సు ఎక్కేసింది.