ఆరు అడ్డం, ఏడు నిలువు

తెలుగు గడి శానా మొండిది.
అడ్డంల 'కు' ఉంటే నిలువుల 'క' కుదరదు.
కొమ్ము మీద రాజీ లేదు, దీర్ఘం మీద బేరం లేదు.
'స్త్రీ' అంతటి కిక్కిరిసిన సంసారమైనా
ఒక్క గదిలనే సర్దుకోవాలె.

ఇరవై రెండేండ్ల నుంచి ఇదే నా పని.
నల్లగొండ గడియారం కాడ, జిరాక్సు షాపు మీది గదిల,
నెలకొకసారి వచ్చే ఎనిమిది పేజీల పత్రికకు
ఆఖరు పేజీల సగం, గళ్ళు గీసి ఇస్త.
నదులను పెట్టిన, రాగాలను పెట్టిన,
మా వీధి కుక్క పేరు సుత ఒకసారి పెట్టిన.
ఈ నెల ఇద్దరు మనుషులను పెడదామనిపించింది.

ఒకాయన గిలక.
అసలు పేరు చింతమళ్ళ సోమనర్సయ్య.
బొమ్మ కింద పేరు రాయకపోయేది.
చిటికెనవేలంత గిలక గీసి, దాని మీంచి తాడును
పేజీ అంచు దాటేదాక కిందికి ఇడిసేటోడు.
నీళ్ళు తగిలినయా అని అడిగితే
ఇంకా తగల్లేదు, అచ్చు కానియ్యి, అనేటోడు.

ఇంకొకాయన కలకొండ వీరేశం.
'గెట్టు' పక్షపత్రికకు ఓనరు, ఎడిటరు,
తెల్లారుజామున దేవరకొండ బస్సు మీదికి
కట్టలెక్కించే హమాలీ.

మంచినీళ్ళ పథకానికి మూడోసారి కొబ్బరికాయ కొట్టిన వారం
గిలక ఒక కుర్చీ గీసిండు.
కుర్చీల మంత్రి. చేతిల గ్లాసు, మొఖంల నవ్వు.
కుర్చీకి నాలుగు కాళ్ళు,
నాలుగూ మర్రిగూడ కాళ్ళు.
మోకాలి కాడ లోపలికి ఇరిగి,
మడిమె బయటికి తిరిగి,
మా బోరునీళ్ళు తాగి పెరిగిన కాళ్ళు.

వీరేశం దాన్ని మొదటి పేజీల వేసిండు.
సర్కారు ప్రకటనలు బందయినయి.
కాగితం కొట్టాయన ఉద్దెర ఆపిండు.
ఆరో సంచికకు ట్రెడిల్ మిషను అమ్మిండు,
ఏడో బొమ్మను సొరుగుల పెట్టి
"జెరంత ఆగు నర్సన్నా" అన్నడు.

గిలక ఆగలేదు.
మిర్యాలగూడెం పోయి రైసుమిల్లులకు బోర్డులు రాసుకున్నడు.
చచ్చేదాక ఇద్దరికీ మాటల్లేవు.

నేను అప్పుడు వాళ్ళ దగ్గర ప్రూఫులు దిద్దేది.
ఆ సొరుగు తాళం ఎక్కడుంటదో తెలిసి కూడా
తీయలేదు.

అందుకే ఇప్పుడు ఈ గళ్ళు.
గిలక అడ్డంగ పోతడు, మూడు గడులు.
కలకొండ నిలువుగ దిగుతడు, నాలుగు.
మొన్న రాత్రి రబ్బరుతోని తుడుస్తుంటే కనబడ్డది,
ఒకాయన ఆఖరు అక్షరమే
ఇంకొకాయన మొదటి అక్షరం.
ఒక్క గడిల ఇద్దరూ పడుతరు.
కొమ్ములు లేకుంట, దీర్ఘాలు లేకుంట, ఉత్త 'క'.

ఆరు అడ్డం: బాయి మీద తిరుగుతది, బొమ్మ కింద సంతకం పెడుతది.
ఏడు నిలువు: కుర్చీని అచ్చేసి మిషన్ను అమ్ముకున్నాయన.

ముప్పై ఒక్క జవాబులొచ్చినయి.
ముప్పై ఒక్కరూ గిలక కరెక్టే రాసిండ్రు.
బాయి, గిలక, గంతే. బొమ్మ ఎవరిదని
పెన్ను ఎత్తి ఆలోచించినోళ్ళు లేరు.
ఏడు నిలువు చానామంది ఖాళీగ ఇడిసిండ్రు.
తొమ్మిది మంది 'కలవాడు' అని నింపిండ్రు.
కలవాడట,
ఆఖరుకు చేతిగడియారం సుత కుదువ పెట్టినోడు.

ముప్పై ఒకటోది మర్రిగూడ నుంచి, ఇన్‌లాండ్ కవర్ల.
అక్షరాలు మెట్లు దిగుతున్నట్టు ఒంకరగ.
గళ్ళ కాగితంల ఉన్న నల్లగడులన్నిటినీ
బ్లేడుతోని గీకి, ప్రతి దాంట్ల తెల్లటి గిలక తేల్చిండు,
ప్రతి గిలకకు తాడు.
అడుగున ఒక్క వాక్యం:
"ఆ కుర్చీకి ముంగటి ఎడమ కాలు నాది.
బొమ్మ గీసేటందుకు రెండు గంటలు నిలబెట్టి
చాయ తాపిచ్చిండు. పగిళ్ళ అంజయ్య."

ఏడు నిలువు నింపిండు. క, ల, కొ, డ.
సున్న మరిచిండు.

ఒక్క గడి తప్పినా బహుమతి లేదు.
ఆ రూలు రాసింది నేనే.
యాభై ఒక్క రూపాయల మనియార్డరు ఫారం
ముందు పెట్టుకొని శానాసేపు కూసున్న.
కింద జిరాక్సు మిషను ఎవరివో భూమి కాగితాలు
ఎలుగుతూ ఆరుతూ తీస్తున్నది.

ఎర్రపెన్ను పక్కన పెట్టి,
ఆయన రాసిన నీలిరంగు పెన్నే ఎతుక్కొని
ఆ సున్న నేను పెట్టిన.