ఒక్క రింగు

చీమకుర్తి బండ కృష్ణపట్నం రేవులో దించాక
మా నాన్న ఒక్క రింగిచ్చి పెట్టేసేవాడు:
చేరానని.
రెండైతే, ఆలస్యమవుద్ది, తిని పడుకోండని.
అమ్మ ఎత్తేది కాదు. ఎత్తితే డబ్బులు.

ఇప్పుడు నా పనీ అదే.
ఉపగ్రహం మన నెత్తిన ఉండేది పది నిమిషాలు,
చూసొచ్చింది కొండంత.
అందుకని పైనుండగానే నేర్పాను దానికి:
సముద్రం ఒకసారి చెప్పు, తక్కినదానికి 'అదే' అను.
రొయ్యల గుంట పక్కన రొయ్యల గుంటా? తేడా ఒక్కటే చాలు.
మబ్బుల్ని మోసుకు రాబాక.

నిన్న మా ఊరు దిగింది.
క్వారీలు మెట్లు మెట్లుగా, కడిగినట్టు.
గుంత అంచున నాలుగు చుక్కలుండాలే,
రాయి కోసేవాళ్ళ నీలం పట్టాల గుడిసెలు?
మరకలనుకుని చదును చేసేసింది.
లెక్క నేను రాసిందే.

ఆ నల్లరాయికి ధర తెచ్చేదే
లోపలున్న బంగారు చుక్కలు.

ఆ నాలుగు గళ్ళూ నొక్కకుండా పంపమని
రాత్రి కూర్చుని మార్చాను.
బరువు పెరుగుద్దన్నాడు మా పైవాడు.
పెరుగుద్ది.

మూడు రింగులకి మేం అర్థం పెట్టుకోలేదు.
టంగుటూరు టోలుగేటు దాటాక ఒక తెల్లవారుజామున
మూడోది మోగింది.
అమ్మ ఎత్తింది.