తలుపు తీసి ఉందనుకుంది

అరచేతిలో ఇమిడే కెమెరా.
మీట నొక్కితే
తాబేలు తల బయటపెట్టినట్టు లెన్సు వస్తుంది,
తెర మీద నా బల్ల, నా టీ కప్పు, నా గడ్డం
ఒక్క క్షణం.
అంతే. మళ్ళీ డిప్పలోకి.

కాస్త్రోలో వాన పట్టి పదకొండో రోజు.
చీలోయే దీవిలో ఇదో లెక్క కాదు,
ఇక్కడ దీన్ని వాన అనం,
ఇవాళ కొంచెం తడి అంటాం.
ఎదెల్మీరా కార్కమో గొడుగు దులిపి
కెమెరాని నా ముందు పెట్టింది:
"మా తమ్ముడి దగ్గర పనిచేసింది, నొల్బెర్తో.
వాడి చేతిలో ఐదేళ్ళు నిక్షేపంగా ఉంది.
నాకిచ్చిన రోజు నుంచీ ఇదే వేషం.
పనికిరాందే అంటగట్టాడు."

ఆవిడ ఉన్నికి రంగులద్దుతుంది.
చెట్టు నాచుతో ఒక పసుపు,
నల్కా వేళ్ళతో ఒక నలుపు,
తడిగా ఉన్నప్పుడు ఒక రంగు, ఆరితే ఇంకోటి.
కుండలోంచి తీసిన ప్రతి చిలపకీ ఫొటో కావాలి,
పక్కనే కాగితం మీద
ఏ ఆకు ఎంత, ఏ మంట మీద ఎంతసేపు.
రెండు క్షణాలు మెలకువగా ఉంటే చాలునంది,
రాత్రి కాపలావాడి గురించి మాట్లాడినట్టు.

ముందు బ్యాటరీని అనుమానించాను.
అందరూ దాన్నే అనుమానిస్తారు, పాపం.
మీటరు పెడితే నిండుగా ఉంది.
రేకుల్ని పెన్సిలు రబ్బరుతో రుద్దాను,
ఉప్పుగాలికి పట్టిన పచ్చటి చిలుము
రబ్బరు పొట్టులో కలిసి రాలింది.
వెలిగింది. ఆరింది.
కార్డు తీసేశాను. వెలిగింది, ఆరింది.
లెన్సు గొట్టంలో ఇసుకేమోనని ఊదాను,
బ్రష్షుతో గోకాను, తిట్టాను.
(తిట్టడం మా నాన్న నేర్పిన పద్ధతి,
రేడియోల మీద బాగా పనిచేసేది.)
ఏడు మరలు విప్పి సీసా మూతలో వేశాను,
ఎనిమిదోది ఎటో దొర్లిపోయింది.
లోపలంతా శుభ్రం.
రోగం ఉంది,
రోగమున్న చోటే లేదు.

శనివారం ఎరిబెర్తో కించావో నుంచి వచ్చాడు,
భుజాన బంగాళాదుంపల బస్తా, ముఖాన కోపం.
"నేను మా అక్కని మోసం చేస్తానా?" అని
కెమెరా లాక్కుని మీట నొక్కాడు.

వెలిగింది.
వెలిగే ఉంది.
నన్ను తీశాడు, వానని తీశాడు,
గోడ మీది క్యాలెండరుని మూడుసార్లు తీశాడు.
వాళ్ళక్క తెరిచిన నోరు మూయలేదు.

అప్పుడు చూశాను వాడి చేతిని.
ఆల్చిప్పల తాళ్ళు లాగే యంత్రంలో
చూపుడువేలు సగం పోయింది, ఎప్పుడో.
అందుకని వాడు కెమెరాని అందరిలా పట్టుకోడు.
మధ్యవేలితో నొక్కుతాడు,
బొటనవేలు అడుక్కి పోయి
బ్యాటరీ మూతని గట్టిగా అదిమి ఉంటుంది.

మూతకి బియ్యపుగింజలో పావంత పన్ను,
అరిగిపోయింది.
దాని కింద ఒక బుల్లి మీట.
మూత పడిందో లేదో ఆ మీటకి పన్నే చెప్పాలి.
పన్ను మాట అందక
కెమెరా తలుపు తీసే ఉందనుకుంది,
తీసిన ఇంట్లో దీపమెందుకని ఆర్పేసింది.
జబ్బు కాదు. జాగ్రత్త.
ఐదేళ్ళపాటు ఆ తలుపుకి గడియ
వాడి బొటనవేలు.
వాడికీ తెలీదు.

అగ్గిపెట్టె అట్ట చింపి రెండు మడతలు పెట్టాను,
మూత పడలేదు.
ఒక్క మడత. టక్కుమంది.
ఎదెల్మీరా తీసుకుని, తన పద్ధతిలో,
వేడి గిన్నె అంచు పట్టుకున్నట్టు
రెండు వేళ్ళతో పట్టుకుని నొక్కింది.
మొదటి ఫొటో ఆ సగం వేలిది.
వాడు చెయ్యి వెనక్కి దాచుకున్నాడు గానీ
అప్పటికే ఆలస్యమైంది.

ఎంతివ్వాలంది. అగ్గిపెట్టె ఖరీదన్నాను.
సగం బస్తా దుంపలు నా గుమ్మంలో దింపి
వానలో పోట్లాడుకుంటూ వెళ్ళారు,
పోయిన చలికాలం ఎవరి కోటు ఎవరు తడిపారో అని.

సోమవారం కప్పు కడుగుతుంటే
అడుగున టీ ఆకుల్లో ఎనిమిదో మర కనిపించింది.
ఎవరికీ చెప్పలేదు.