వెన్ను

వంటింటి బల్ల మీద మూడు పుస్తకాలు.
మూడూ ఒకే పుస్తకం.
అట్టల మీద అడ్డంగా బూడిదరంగు పట్టీ:
నమూనా, అమ్మకానికి కాదు.
"నాలాగే" అంది మినర్వా వాచర్,
కెటిల్ దించుతూ.

న్యూఫౌండ్‌లాండ్ ఉత్తరపు అంచున
మార్చి ఇంకా గడ్డకట్టే ఉంది.
ఈ రేవులో కట్టిన పడవలన్నిటికీ లెక్క రాసిందామె.
ఎవరు కట్టారు, ఏ ఏడు, ఏ కలప,
చివరికి ఏమైంది.
పదకొండేళ్ళు.
అందులో సగం
"చివరికి ఏమైంది" దగ్గరే గడిచాయి.

మొదటిది ఒంటారియోలో అచ్చయింది.
కాగితం తెలుపు, మరీ తెలుపు,
ఆసుపత్రి దుప్పటిలా.
రెండోది అమెరికాది. పుస్తకం ఆరు డాలర్లు,
ఈ రేవుకి చేర్చడానికి పంతొమ్మిది.
కూర కంటే తాలింపు ఖరీదు.
మూడోది ఇంగ్లండు నుంచి
మూడు వారాలు సముద్రం దాటి వచ్చింది:
మీగడ రంగు కాగితం, వేలికి మెత్తగా,
ఫొటోల్లో నీళ్ళు మాత్రం తారు.

ఆమె పరీక్షలు ఆమెవి.
స్టౌ పక్కన రాత్రంతా బోర్లా పెట్టి
పొద్దున్నే చూసింది, ఏ అట్ట ఎంత వంగిందో.
పొరుగింటి ఫీబీ కాడ్ చేప కోస్తుండగా
ఆ తడి చేతికే ఇచ్చింది: "తెరువు. ఇప్పుడే."
చవకదాని జిగురు టక్కుమంది.
ముప్పై ఒకటో పేజీ, యాభై రెండు నాటి పడవ,
ఊడి ఫీబీ ఒళ్ళో పడింది.
"నిజంగానూ అది మునిగిందేలే" అంది ఫీబీ.

నంబరు సంగతి ఇంకో రాత్రి.
కంపెనీ ఊరికే ఇస్తానంటుంది,
ప్రచురణకర్త అన్నచోట తన పేరు వేసుకుంటుంది.
మినర్వా కళ్ళద్దాలు తీసి తుడిచింది.
మేనమామ లియాండర్ కట్టిన పడవని
కలప అప్పిచ్చిన షావుకారు
తన పేరున రాయించుకున్నాడు.
జాబితాలో అలాంటివి తొమ్మిది.
మర్నాడు ఒట్టావాకు తనే దరఖాస్తు పెట్టింది.
ప్రచురణ సంస్థ పేరేమిటని అడిగే గడిలో
"వాచర్ వంటిల్లు" అని టైపు చేసింది.

ఇక మిగిలింది వెన్ను.
పుస్తకం డెబ్బై నాలుగు పేజీలు.
మూడు కంపెనీలూ మూడు రకాల మర్యాదతో చెప్పాయి
ఇంత సన్నటి వెన్ను మీద పేరు పట్టదని.
అలమరలో పక్కకి తిరిగి నిలబడితే
అది ఎవరో ఎవరికీ తెలియదు.
"అక్షరాలు లావు చెయ్యండి, మార్జిన్లు పెంచండి"
అన్నాడు లైబ్రరీ కుర్రాడు గారెట్.
వినలేదు.
ఉబ్బిన లావు ఆమెకి గిట్టదు.

ఏప్రిల్లో మంచు కదిలిన రోజు
ఫీబీ టీ తాగుతూ, పేజీల మీద వేలు నడిపిస్తూ
"మా నాన్న పచ్చ పడవేదీ?" అంది.
లేదు.
పదకొండేళ్ళలో ఊరంతా తిరిగింది గానీ
గోడ అవతలి మనిషిని అడగలేదు.
అడగందే అమ్మైనా పెట్టదు.
అందులో ఫీబీ.

ఆ రాత్రి ముప్పై పేజీలు కలిపింది.
పడవ పేరు, కట్టినవారు, కలప, ఏమైంది.
కింద గీతలు. అంతే.
అప్పుడు తేలింది ఏ కంపెనీయో:
ఆసుపత్రి తెలుపు మీద పెన్సిల్ జారింది,
మీగడ కాగితం పెన్సిల్ని పట్టుకుంది.
తారు నీళ్ళని రెండుసార్లు పల్చన చేసి పంపింది.

"ఎన్ని కాపీలు వేయిస్తారు?" గారెట్ అడిగాడు.
"అడిగినన్ని. అడిగినప్పుడు."
లియాండర్ షెడ్డులోనూ
అమ్మకానికి పడవ ఎన్నడూ ఉండేది కాదు.
ఎవరో వచ్చి, గుమ్మంలో టోపీ తీసి
కావాలి అనేవాడు.
అప్పుడు లేచేవాడాయన, చెట్టు చూడటానికి.

జూన్లో వచ్చింది, పట్టీ లేకుండా.
వెన్ను మీద పేరు,
అర మిల్లీమీటరు ఎడమకి జరిగి.
మినర్వా దాన్ని గోటితో తడిమింది,
ఏమీ అనలేదు.
ఫీబీ అప్పటికే పెన్సిల్ చెక్కుతోంది.